మూలికకైనా మాత్రకైనా ఒకటే పరీక్ష
డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారక ఉపన్యాసం – ఉమ్ సలాల్, ఖతర్



నేను మూత్రపిండాల వైద్యుణ్ణి. షుగరు వల్ల కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు మా దగ్గరికి వచ్చి, రిపోర్టులు చూపించి, మందుల చీటీ రాయించుకుని, లేచి వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి అడిగే మాట ఒకటుంది: "డాక్టరుగారూ, నాటుమందు వాడొచ్చా? హోమియోతో తగ్గుతుందంటున్నారు, నిజమేనా?" ఈ ప్రశ్నకు గుమ్మం దగ్గర నిలబడి చెప్పే జవాబు సరిపోదు. కసురుకుంటే రోగి మళ్లీ అడగడు, మనకు చెప్పకుండా వాడతాడు. తలాడిస్తే కిడ్నీ పోవచ్చు. ఈ రోజు నాకిచ్చిన సమయమంతా ఆ ప్రశ్నకే ఇవ్వదలచాను.

సుబ్బారావు గారి స్మృతిలో మాట్లాడేటప్పుడు ఈ విషయం ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. స్ప్రూ అనే జబ్బు ఆయన అన్నదమ్ములిద్దరిని బలి తీసుకుంది. ఆయనకూ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకున్నారని జీవిత చరిత్రలు చెబుతున్నాయి. ఆ తరువాత ఆయన మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. 1923లో బోస్టన్ చేరారు. 1925లో సహ పరిశోధకుడు ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ప్రకటించారు. ప్రపంచమంతటా ప్రయోగశాలలు దశాబ్దాల పాటు ఆ పద్ధతిని వాడాయి. కిడ్నీ రోగికి ఫాస్ఫరస్ ఎంత ఉందో చూడటం ఈ నాటికీ మా నిత్యకృత్యం. ఆయుర్వేదం వల్ల మేలు పొందిన మనిషి, ఆయుర్వేద విద్యార్థులకు గురువైన మనిషి, తన జీవితాన్ని కొలతకు అంకితం చేశాడు. ఆ రెండిటి మధ్య ఆయనకు వైరుధ్యం కనిపించలేదు. నాకూ కనిపించదు.

ఆయన పనిలోంచే ఇంకో సంగతి చెప్పాలి. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. రక్తహీనతకు అది వరప్రసాదం. ఇంత మంచి పదార్థం రక్త క్యాన్సరు పిల్లలకు కూడా మేలు చేస్తుందేమోనన్న ఆశతో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు దానికి దగ్గరి బంధువులైన పదార్థాలను ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా ఉరకలెత్తింది. ఆ ఫలితాన్ని ఆయన దాచలేదు. ఫోలిక్ ఆమ్లం జబ్బును పెంచుతుంటే దానికి అడ్డుపడే పదార్థం జబ్బును ఆపాలి కదా అని ఆలోచించారు. అలాంటి పదార్థం, అమైనోప్టెరిన్, సుబ్బారావు గారి బృందం నుంచే వచ్చింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన వ్యాసంలో 16 మంది పిల్లల్లో 10 మందికి మెరుగుదల కనిపించిందని, అది తాత్కాలికమేనని, మందు విషప్రభావాలు ఇవీ అని అన్నీ రాశారు. మంచి ఉద్దేశంతో ఇచ్చిన మంచి పదార్థం కూడా హాని చేయగలదు. ఆ హానిని చూసి, నిజం రాసిపెడితే అదే చికిత్సకు దారి అవుతుంది. ఈ ఉపన్యాసంలో నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

చప్పుడు లేని జబ్బు

ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల వడపోత గొట్టాలుంటాయి. రెండూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. షుగరు ఏళ్ల తరబడి అదుపు తప్పితే ఆ జల్లెడ చిల్లులు పెద్దవై, రక్తంలో ఉండవలసిన ఆల్బుమిన్ అనే ప్రొటీను మూత్రంలోకి జారుతుంది. షుగరు ఉన్నవాళ్లలో నూటికి 30 నుంచి 40 మందికి ఎప్పుడో ఒకప్పుడు కిడ్నీ జబ్బు వస్తుంది. మొదటి దశలో కిడ్నీ ఉండవలసిన దానికంటే ఎక్కువగా వడకడుతుంది. అందుకని రక్తంలోని క్రియాటినిన్ అనే వ్యర్థపు అంకె చక్కగా కనిపిస్తుంది. నొప్పి ఉండదు, మంట ఉండదు, మూత్రం బాగానే వస్తుంది. కాళ్లు ఉబ్బి, ఆకలి చచ్చి, ఆయాసం వచ్చే నాటికి పోయినదంతా పోయి ఉంటుంది.

ఈ ప్రాంతానికి ఈ మాట మరీ వర్తిస్తుంది. 2012 నాటి జాతీయ సర్వేలో ఖతరీ పెద్దల్లో 16.7 శాతం మందికి షుగరు ఉన్నట్టు తేలింది. ఇక మన దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం 2023లో ప్రకటించింది. ఉమ్ సలాల్‌లో విల్లాలో డ్రైవరుగానో, మజ్రాలో, అంటే తోటలో, పనికో, నిర్మాణ పనికో వచ్చిన మనవాళ్లు ఎండను కూడా మోస్తారు. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఆరుబయట పని చేయించకూడదని 2021 నుంచి నిబంధన ఉంది. అయినా ఉదయం, సాయంత్రం వేడి తక్కువేం కాదు. ఒంట్లో నీరు తగ్గుతుంది, ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాకో బ్రూఫెనో వేసుకుంటారు. షుగరు కిడ్నీకి ఆ రెండూ చెరుపే.

అలాంటి అన్నకు ఒక రోజు రిపోర్టులో ప్రొటీను కనబడుతుంది. డయాలసిస్ అంటే వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు యంత్రానికి కట్టుబడటం. అంటే పని పోతుంది, వీసా పోతుంది, ఊళ్లో అప్పు మిగులుతుంది. ఆ భయంలో ఊరి నుంచి వచ్చేవాళ్లతో పొడి తెప్పించుకుంటాడు. పొడపత్రి, నేరేడు గింజలు, తిప్పతీగ, గలిజేరు, పల్లేరు కాయలు. పక్కగదిలోని కేరళ మిత్రుడో, ఈజిప్టు మిత్రుడో హబ్బతుస్సౌదా (నల్ల జీలకర్ర) నూనె మంచిదంటాడు. వీటిని నమ్మడం మూఢత్వమని నేను అనను. తాత ముత్తాతల నుంచి చేతికందిన జ్ఞానాన్ని కష్టకాలంలో పట్టుకోవడం మనిషి లక్షణం. నేను అడిగేది ఒక్కటే. ఆ పొడి పనిచేసిందని ఎవరు సాక్ష్యం చెప్పాలి? ఒంటికి ఏ బాధా తెలియని జబ్బులో "నాకు హాయిగా ఉంది" అన్న మాట సాక్ష్యానికి పనికిరాదు.

క్రియాటినిన్ తగ్గితే చాలదు

"మా బావకు క్రియాటినిన్ మూడు ఉండేది, పసరు తాగాక రెండున్నరకు వచ్చింది" అని చాలామంది అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. అయితే ఆ తగ్గుదలకు దారులు ఎన్నో ఉన్నాయి. నాటువైద్యులు పథ్యం పెడతారు, మాంసం మానమంటారు. వండిన మాంసం తింటే రక్తంలో క్రియాటినిన్ కొంత పెరుగుతుంది, మానితే తగ్గుతుంది. కండ కరిగి మనిషి చిక్కినా తగ్గుతుంది, ఎందుకంటే క్రియాటినిన్ పుట్టేది కండలోంచే. నొప్పి మాత్రలు మానేస్తే తగ్గుతుంది. నీళ్లు సరిగ్గా తాగినా తగ్గుతుంది. పైగా మనుషులు కొత్త వైద్యం వెతుక్కునేది రిపోర్టు బాగా చెడ్డగా వచ్చిన రోజున. ఎగుడుదిగుడుగా నడిచే అంకె మరుసటిసారి కొంత మెరుగ్గా రావడం సహజం. మూత్రంలో ఆల్బుమిన్ అయితే ఒకే మనిషిలో రోజుకూ రోజుకూ ఎంతో తేడా చూపిస్తుంది.

అంకె నిజంగా మెరుగుపడ్డా మనిషి మెరుగుపడ్డాడని చెప్పలేమనడానికి బార్డాక్సొలోన్ అనే మందు కథ చాలు. ఆలివ్ ఆకుల్లాంటి వాటిలో దొరికే ఒలియానోలిక్ ఆమ్లాన్ని మార్చి దాన్ని తయారు చేశారు. 2011లో ప్రకటించిన పరీక్షలో షుగరు కిడ్నీ రోగుల వడపోత అంకె పెరిగింది. అందరికీ సంబరం. తరువాత బీకన్ అనే పెద్ద పరీక్షలో 2185 మందిని చేర్చారు. అంకె ఇక్కడా పెరిగింది. కానీ మందు తీసుకున్న జట్టులో గుండె వైఫల్యంతో ఆసుపత్రి పాలైనవాళ్లు ఎక్కువయ్యారు. డయాలసిస్ తగ్గలేదు. 2012 అక్టోబరులో పరీక్షను ఆపేశారు. అది పెద్ద కంపెనీ మందు, అధునాతన ప్రయోగశాలలో పుట్టిన మందు. అదే పరీక్షకు నిలబడింది, అదే పరీక్షలో ఓడింది. మూలికలను మాత్రమే అనుమానిస్తున్నామని ఎవరైనా అంటే ఈ ఉదాహరణ చూపించండి.

ఇబ్న్ సీనా పెట్టిన నియమాలు

మందును పరీక్షించడం పాశ్చాత్యుల పద్ధతి అని, మన వైద్యాలకు అది సరిపడదని ఒక వాదన ఉంది. మనం కూర్చున్నది అరబ్బు నేల మీద కనుక ఈ భాషా ప్రపంచపు వైద్యులనే సాక్ష్యానికి పిలుస్తాను. వెయ్యేళ్ల కిందట అల్ రాజీ మెదడు పొరల వాపు లక్షణాలున్న రోగుల్లో ఒక జట్టుకు రక్తం తీసి, ఇంకో జట్టును కావాలనే అలా వదిలి పోల్చి చూశానని తన గ్రంథంలో రాసుకున్నారు. ఆయన తరువాతి కాలంవాడైన ఇబ్న్ సీనా కానూన్ అనే తన వైద్య గ్రంథంలో మందును పరీక్షించడానికి ఏడు నియమాలు పెట్టారు. వాటిలో నాలుగు షుగరు కిడ్నీకి అచ్చంగా అతుకుతాయి.

మొదటిది, మందులో బయటి గుణం కలిసి ఉండకూడదు. ఈ నియమం తప్పితే ఏమవుతుందో 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో చూశాం. బరువు తగ్గించే ఒక క్లినిక్కులో ఇచ్చిన చైనా మూలికల్లో ఒకదాని బదులు అరిస్టోలోకియా జాతి మొక్క కలిసిపోయింది. వంద మందికి పైగా కిడ్నీలు చెడ్డాయి, వాళ్లలో ఎక్కువమంది వయసులో ఉన్న ఆడవాళ్లు. కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సరు వచ్చింది. ఆ కుటుంబపు మొక్క మన అడవుల్లోనూ ఉంది, మన నాటువైద్యంలోనూ ఉంది. దాన్ని ఈశ్వర వేరు అంటాం. కిడ్నీ జబ్బున్నవాళ్లు దాని జోలికి పోకూడదు. కలుషితాల సంగతి ఇంకొకటి. 2004లో ప్రకటించిన అధ్యయనంలో, బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్లో పద్నాలుగింటిలో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో దొరికాయి. మన దేశంలోని వైద్యులు, ఒక రకం ప్రొటీను కారే కిడ్నీ జబ్బుకూ పాదరసం ఉన్న సంప్రదాయ మందులకూ ఉన్న సంబంధాన్ని 2022లో ప్రకటించారు. మందు ఆపితే చాలామందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. ఇక 2000లో కాలిఫోర్నియాలో షుగరుకని అమ్మిన చైనా మూలికా మాత్రల్లో గ్లైబ్యూరైడ్, ఫెన్‌ఫార్మిన్ అనే అల్లోపతి మందులే రహస్యంగా కలిసి ఉన్నట్టు తేలింది. షుగరు నిజంగానే తగ్గుతుంది మరి. కిడ్నీ బలహీనంగా ఉన్నవాడికైతే అది ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోతుంది.

రెండోది, జబ్బు కలగాపులగంగా ఉండకూడదు. మన శ్రీకాకుళం ఉద్దానం గుర్తుకు రాకుండా ఉండదు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు ఊళ్లలో కిడ్నీలు చెడుతున్నవాళ్లలో ఎందరికో షుగరు లేదు, బీపీ లేదు. కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధనా కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఉద్దానం జబ్బు వేరు, షుగరు కిడ్నీ వేరు. రెండిటినీ కలిపి "కిడ్నీకి మంచిది" అని ఒక పొడిని అమ్మితే ఎవరికి మేలైందో, ఎవరికి కీడైందో ఏ జన్మకూ తేలదు.

మూడోది, మందును మనిషి మీదే పరీక్షించాలి. సింహం మీదో గుర్రం మీదో పరీక్షిస్తే మనిషి సంగతి తేలదని ఇబ్న్ సీనా అన్నారు. షుగరు కిడ్నీకి పనిచేస్తాయని మన పత్రికల్లో వచ్చే మూలికల వ్యాసాల్లో అధిక భాగం స్ట్రెప్టోజోటోసిన్ అనే రసాయనంతో షుగరు తెప్పించిన ఎలుకల మీద చేసినవే. ఆ ఎలుకకు కొన్ని వారాల జబ్బు. మన అన్నకు పదిహేనేళ్ల జబ్బు.

నాలుగోది, ఫలితం మళ్లీ మళ్లీ రావాలి. పసుపు సంగతి చూడండి. 2011లో ఇరాన్‌లోని షిరాజ్ వైద్యులు 40 మంది షుగరు కిడ్నీ రోగులకు రెండు నెలలు పసుపు గొట్టం మాత్రలో, మందు లేని డమ్మీ గొట్టాలో ఇచ్చారు. పసుపు జట్టులో ప్రొటీను తగ్గింది. ఆ పరీక్షను నిజాయితీగానే చేశారు. అయితే 40 మంది, రెండు నెలలు సరిపోవు కదా. కెనడాలో ఎన్నో ఆసుపత్రులు కలిసి, కిడ్నీ జబ్బున్న 500 మందికి పైగా రోగులతో, పసుపులోని కర్‌క్యుమిన్ ఒంటికి బాగా పట్టేలా తయారుచేసిన మందును ఆరు నెలలు పరీక్షించాయి. ఆల్బుమిన్ తగ్గలేదు, వడపోత నిలవలేదు. పసుపు మన పెళ్లిలో ఉంది, గడపకు ఉంది, పోపులో ఉంది. దాని గౌరవానికి దీనివల్ల వచ్చిన లోటు లేదు. షుగరు కిడ్నీకి మాత్రం అది మందు అని చెప్పలేం.

గెలిచిన మొక్కలు

మొక్కలన్నీ ఓడాయనుకుంటే పొరపాటు. 1835లో ఆపిల్ చెట్టు వేరు బెరడు నుంచి ఫ్లోరిజిన్ అనే పదార్థాన్ని వేరు చేశారు. అది ఇస్తే మూత్రంలో చక్కెర పోతుందని 1880లలో ఫాన్ మెరింగ్ చూపించారు. అలాగే వాడితే పేగులో నిలవలేదు, విరేచనాలు పట్టుకున్నాయి. రసాయన శాస్త్రవేత్తలు దాని నడక తెలుసుకుని, మార్చి మార్చి తయారు చేసినవే ఇప్పుడు మేము రాసే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్. 2019లో ప్రకటించిన క్రెడెన్స్ పరీక్షలో 34 దేశాలకు చెందిన 4401 మంది షుగరు కిడ్నీ రోగులు పాల్గొన్నారు. అప్పటికే అందరూ మంచి బీపీ మందు మీద ఉన్నారు. దాని మీద కానాగ్లిఫ్లోజిన్ చేర్చితే, కిడ్నీ పూర్తిగా పోవడం, క్రియాటినిన్ రెట్టింపు కావడం, కిడ్నీ వల్లో గుండె వల్లో చనిపోవడం, వీటన్నిటి ముప్పు కలిపి 30 శాతం తగ్గింది. షుగరుకు మేము మొదట రాసే మాత్ర మెట్‌ఫార్మిన్‌కు మూలం గలేగా అనే ఐరోపా కలుపు మొక్క. పసరు తాగిన కాలం నుంచి మాత్ర వేసుకునే కాలానికి వాటిని తీసుకొచ్చింది పరీక్షే.

మూలికను మూలికగానే ఉంచి పరీక్షించడమూ సాధ్యమే. చైనా వైద్యులు మన బెండకాయకు దగ్గరి చుట్టమైన ఒక మొక్క పూలతో చేసిన గొట్టాలను షుగరు కిడ్నీకి పరీక్షించారు. 400 మందికి పైగా రోగులు, అందరికీ ఇర్బెసార్టన్ అనే బీపీ మందు, చీటీ వేసి కొందరికి అసలు గొట్టం, కొందరికి డమ్మీ గొట్టం. 2022లో ప్రకటించిన ఫలితంలో ఆరు నెలలకు ఆల్బుమిన్ తగ్గింది. డయాలసిస్ తప్పుతుందా అనేది దీంతో తేలలేదు, ఇంకా పెద్ద పరీక్ష కావాలి. అయినా దారి ఇదే. మన ఐసీఎంఆర్ కూడా వేగిస చెక్కను కొత్తగా షుగరు వచ్చినవాళ్ల మీద పరీక్షించి 1998లో ఫలితం ప్రకటించింది. హబ్బతుస్సౌదా నూనెను షుగరు కిడ్నీ మీద అలీగఢ్ వైద్యులు 12 వారాలు చూశారు. అది ఎవరు ఏది తీసుకుంటున్నారో అందరికీ తెలిసి చేసిన చిన్న పరీక్ష. పెద్దది చేయడానికి అదొక పునాది మాత్రమే.

హోమియో సంగతి

తెలుగువాళ్లకు హోమియోపతి అంటే ఉన్న ప్రేమ నాకు తెలుసు. గుడివాడలో హోమియో వైద్య కళాశాల 1945 నుంచీ ఉంది. ఆ మందుల పెట్టె ఇంట్లో పెట్టుకుని ఊరందరికీ ఉచితంగా ఇచ్చిన బడిపంతుళ్లను, పోస్టుమాస్టర్లను మనం ఎరుగుదుం. ఆ సేవాభావం ముందు నేను తల వంచుతాను. మందు గురించి మాత్రం నిజం చెప్పాలి.

హోమియోలో రెండు రకాల సరుకుంది. మదర్ టింక్చరు అనేది మొక్క సారం, ఆల్కహాలులో. సిజీజియం అంటే మన నేరేడే. అది మూలిక కిందే లెక్క, మూలికకున్న మేలూ కీడూ దానికీ ఉండవచ్చు. 30 పొటెన్సీ అంటే వందకు ఒకటి చొప్పున ముప్పైసార్లు పలచన చేసినది. పన్నెండోసారి దాటేసరికే మూల పదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు పోతుంది. అందులో ఏముండి పనిచేస్తుందన్న వాదనను పక్కన పెడదాం. పనిచేస్తుందా అన్నదే చూద్దాం. ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధనా మండలి అందుబాటులో ఉన్న అధ్యయనాలను పరిశీలించి, హోమియో పనిచేస్తుందని నమ్మదగిన రుజువున్న జబ్బు ఒక్కటీ లేదని 2015లో ప్రకటించింది. హోమియో వాడటం వల్ల షుగరు కిడ్నీ రోగికి డయాలసిస్ తప్పిందని చూపిన పెద్ద పరీక్ష లేదు.

"మా వైద్యంలో ఒక్కో మనిషికి ఒక్కో మందు, మీ పరీక్ష మాకు అతకదు" అని హోమియో మిత్రులు అంటారు. అతుకుతుంది. వైద్యుడు రోగితో గంటసేపు మాట్లాడి తనకు నచ్చిన మందే రాయనివ్వండి. మందులిచ్చే గదిలో చీట్లు వేసి సగం మందికి ఆ మందు వేసిన గోళీలు, సగం మందికి వట్టి గోళీలు ఇవ్వాలి. రెండూ చూడటానికీ రుచికీ ఒకటే. వైద్యుడికీ తెలియదు, రోగికీ తెలియదు. ఇలాంటి పరీక్షలు వేరే జబ్బుల్లో జరిగాయి. చేదు కషాయానికి డమ్మీ తయారు చేయడం కష్టం, హోమియోకు అంతకంటే సులువు లేదు. నమ్మకం ఉన్నవాళ్లే ముందుకొచ్చి ఈ పని చేయాలని నా కోరిక.

హోమియో గోళీ వల్ల వచ్చే పెద్ద ప్రమాదం ఆ గోళీలో ఉండదు. దాన్ని నమ్మి బీపీ మందు, షుగరు మందు మానేయడంలో ఉంది. 2001లో ప్రకటించిన రెనాల్ పరీక్షలో, షుగరు కిడ్నీ రోగులకు లోసార్టన్ ఇస్తే డయాలసిస్ దశకు చేరే ముప్పు 28 శాతం తగ్గింది. అంటే దాదాపు పాతికేళ్లుగా మన చేతిలో ఉన్న ఆధారం ఇది. పోయిన వడపోత గొట్టం తిరిగి మొలవదు. పరీక్షకు నిలవని మందు మీద గడిపిన రెండేళ్లను ఏ ఆసుపత్రీ తిరిగి ఇవ్వలేదు.

అనుమతి వేరు, రుజువు వేరు

2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నం మనందరికీ గుర్తుంది. ఆనందయ్య గారి కరోనా మందు కోసం వేలాది మంది తరలివెళ్లారు. ఆయుష్ శాఖ, కేంద్ర ఆయుర్వేద పరిశోధనా మండలి పరిశీలించాయి. కంట్లో వేసే చుక్కల మందు తప్ప మిగతావి ఇచ్చుకోవచ్చని మే 31న రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. హాని కనబడలేదన్నారు, జబ్బు తగ్గిస్తుందని రుజువైందనలేదు. జనం మాత్రం ఆ అనుమతినే రుజువుగా తీసుకున్నారు. ఖతర్‌లోనూ 2016లో ఆయుర్వేదం, హోమియోపతి, హిజామా అనే కప్పింగ్, ఆక్యుపంక్చర్, కైరోప్రాక్టిక్ చికిత్సకులకు లైసెన్సు విధానం వచ్చింది. లైసెన్సు ఉన్న వైద్యుడి దగ్గరికి వెళ్లడం లేనివాడి దగ్గరికి వెళ్లడం కన్నా మేలు. గోడకు వేలాడే లైసెన్సు మనిషి చదువుకు హామీ ఇస్తుంది, సీసాలోని మందు కిడ్నీని నిలుపుతుందని చెప్పదు. మన దేశంలో 1954 నాటి చట్టం షుగరునూ కిడ్నీ జబ్బునూ నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని నిషేధించింది. ఫోనులో అలాంటి ప్రకటన కనబడితే అది చట్టవిరుద్ధమని గుర్తుంచుకోండి.

గలిజేరును పరీక్షిద్దాం

విమర్శించి ఊరుకుంటే నా పని సగమే అవుతుంది. మన ఊళ్లలో కిడ్నీకని ఎక్కువగా వాడే తెల్ల గలిజేరునే తీసుకుందాం. ఆయుర్వేదంలో పునర్నవ. పరీక్ష ఎలా ఉండాలో చెబుతాను.

ముందు మొక్క అదేనా అని వృక్షశాస్త్రజ్ఞుడు తేల్చాలి, ఎర్ర గలిజేరూ తెల్ల గలిజేరూ సంతలో కలిసిపోతాయి. ప్రతి విడతనూ సీసం, పాదరసం, ఆర్సెనిక్ కోసం పరీక్షించాలి. అందులో పొటాషియం ఎంతుందో కొలవాలి, కిడ్నీ రోగికి పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చు. చేరే రోగులందరికీ షుగరు కిడ్నీయే అయి ఉండాలి. అందరికీ ఇప్పుడు రుజువైన మందులన్నీ అందాలి, వాటి పైన మాత్రమే గలిజేరో డమ్మీయో. రుజువైన మందు ఆపి మూలిక ఇవ్వడం పరీక్ష కాదు, అన్యాయం. చీటీ వేసి జట్లు విడగొట్టాలి. వందల మంది కావాలి, కనీసం రెండు మూడేళ్లు చూడాలి. డయాలసిస్‌కు ఎందరు వెళ్లారు, వడపోత ఏటా ఎంత పడిపోయింది, ఎందరు చనిపోయారు, కాలేయం ఎలా ఉంది అన్నవి లెక్క తేలాలి. మొదలుపెట్టక ముందే ఏం కొలుస్తామో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో నమోదు చేయాలి. ఆ రిజిస్ట్రీ 2007 నుంచి ఉంది. ఫలితం ఏదైనా ప్రకటించాలి. ఓడిన పరీక్షలను బీరువాలో పెడితే గెలిచినవే లోకానికి కనబడతాయి, అప్పుడు పనికిరాని మందు కూడా దివ్యౌషధమైపోతుంది.

పలాసలో, హైదరాబాదులో, వేలూరులో ఇలాంటి పని చేయగల వైద్యులున్నారు. ఆయుర్వేద వైద్యులు పక్కన కూర్చోవాలి. మోతాదు, అనుపానం, పథ్యం చెప్పగలిగేది వాళ్లే. మూలికల మీద గౌరవం ఉందనేవాళ్లు ఇలాంటి పరీక్షకు డబ్బు ఇవ్వాలి. గల్ఫ్ తెలుగు సంఘాలు సినిమా రాత్రులకు ఖర్చు పెట్టేదానిలో కొంత ఇటు మళ్లిస్తే, ఒక మంచి పరీక్ష మొదలుపెట్టడానికి అది సాయపడుతుంది.

అంతవరకూ

పరీక్షలు తేలేదాకా మీరేం చేయాలి? షుగరున్న ప్రతి ఒక్కరూ ఏడాదికోసారి మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోండి. నిష్పత్తి 30 దాటితే మూడు నెలల్లో మళ్లీ చూపించుకోండి, భయపడి దాచుకోవద్దు. ఇక్కడి ఉమ్ సలాల్ ఆరోగ్య కేంద్రానికి హెల్త్ కార్డు పట్టుకుని వెళ్లండి. భాష అడ్డమైతే తోటి తెలుగువాణ్ణి వెంట తీసుకెళ్లండి. భారత రాయబార కార్యాలయం అండగా నడిచే ఇండియన్ కమ్యూనిటీ బెనవలెంట్ ఫోరం వైద్య శిబిరాలు పెడితే వాటిని వదులుకోవద్దు. పొడి వాడుతుంటే ఆ పొట్లం డాక్టరుకు చూపించండి, పేరు తెలియకపోతే ఫోటో తీసి చూపించండి. బిలింబి కాయ రసం ఎక్కువగా తాగిన పది మందికి కిడ్నీలు ఒక్కసారిగా దెబ్బతిన్నాయని కేరళ వైద్యులు 2013లో రాశారు. వంటింటి కాయే కదా అని మీరు చెప్పకపోతే డాక్టరుకు ఎలా తెలుస్తుంది? మొదలుపెట్టిన మాత్ర ఏదీ డాక్టరుతో మాట్లాడకుండా ఆపవద్దు.

తోటి వైద్యులకు కూడా ఒక మనవి. "నాటుమందా?" అని కళ్లెర్రజేసే ముందు, ఏం వాడుతున్నావు, ఎన్నాళ్లుగా, ఎంత అని అడగండి. ఆ మూడు ప్రశ్నలతో రోగి మన దగ్గరే ఉంటాడు.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి నుంచి వచ్చిన సాయం కూడా సుబ్బారావు గారిని అమెరికా ఓడ ఎక్కించింది. ఆ దాతలకు ఆయన ఏం కనిపెడతారో తెలియదు, అయినా ఒక తెలుగు యువకుడి పరిశోధన మీద నమ్మకం పెట్టారు. ఈ సభ నుంచి నేను కోరేది అలాంటి నమ్మకమే. గలిజేరు పరీక్ష మొదలైతే నా సమయం ఇస్తాను. అది గెలిస్తే నా ప్రతి చీటీ మీద రాస్తాను. ఓడితే ఆ మాట ఇదే వేదిక మీద నిలబడి ఇంతే గట్టిగా చెబుతాను. ఇంటి ముందు మొలిచే మొక్క అయినా, ఫ్యాక్టరీలో తయారైన మాత్ర అయినా, మన అన్నను డయాలసిస్ బెడ్డు దాకా వెళ్లకుండా ఆపగలదా అన్నదే నాకు కావలసిన జవాబు. ఆ జవాబు తెచ్చే పని మనం మొదలుపెడదాం.